మావయ్యకి, స్పైకుల విషయం

టొరంటో

మావయ్యకి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం.

స్పీకర్ల కింద పెట్టే ఇత్తడి స్పైకులు పంపమని అడిగారు. పంపడం పెద్ద పనేం కాదు కానీ, మీకవి అక్కర్లేదు. ఎందుకో చెప్తాను, ఆపైన మీ ఇష్టం.

స్పైకు స్పీకరు బరువునంతా సన్నటి మొన మీదకి తెస్తుంది. ఆ మొన తివాచీలోంచి దిగి కింది గట్టి నేలని పట్టుకుంటుంది, పెట్టె ఊగకుండా నిలబడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో గోడ నుంచి గోడ దాకా మెత్తటి కార్పెట్ ఉంటుంది కాబట్టి ఆ ఏర్పాటు. మీ హాల్లో షాబాదు బండల మీద స్పీకరు కదిలేదెక్కడ? పైగా బండ మీద గుంటలు పడితే అత్తయ్య మనిద్దరినీ వదలదు.

మా ఇంటి నేల చెక్క దూలాల మీద పరిచిన పలకలు. ఎవరైనా గట్టిగా నడిస్తే తప్పెటలా మోగుతుంది. అలాంటి నేలకి స్పైకులు బిగిస్తే స్పీకరు వణుకంతా తిన్నగా కింది వాటాలోకే పోతుంది. అందుకే స్పీకర్లతో వచ్చిన స్పైకుల్ని డబ్బాలోనే ఉంచి రబ్బరు పాదాలు వేశాను. మృదంగం తొప్పి (ఎడమ వైపు) దెబ్బ ఇప్పుడు పడిన చోట పడి ఆగుతోంది, బుయ్యిమని సాగడం లేదు.

రబ్బరైనా స్ప్రింగైనా మోసే బరువుకి సరిపోయేది కావాలి. కొంచెమైనా కుంగకపోతే అది ఉన్నా లేనట్టే. 5 మిల్లీమీటర్లు కుంగిన స్ప్రింగు సెకనుకి సుమారు 7 సార్లు ఊగుతుంది. దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు దాటిన వణుకుల్నే అది ఆపగలదు, 7కి దగ్గరవాటిని ఆపకపోగా పెంచుతుంది. రికార్డు ప్లేయరుతో చిక్కు ఇక్కడే. దాని చేయీ ముల్లూ కలిసి మామూలుగా 8 నుంచి 12 సార్లు ఊగే రకం. మెత్తటి పాదాల మీద పెట్టి పక్కన నడిస్తే ముల్లు ఎగిరి కూర్చుంటుంది. నేను ప్లేయరుని గోడకి బిగించిన షెల్ఫు మీదకి ఎక్కించాను, ఆ గొడవ లేదు.

మీ దగ్గర వాల్యూమ్ పెంచితే వచ్చే ఆ ‘గూ’ మోతకి కారణం నేల కాదు, బల్ల. ప్లేయరూ స్పీకర్లూ ఒకే బల్ల మీద ఉన్నాయి కదా. స్పీకరు బల్లని వణికిస్తుంది, బల్ల ముల్లుని, ముల్లు మళ్లీ స్పీకరుని. రికార్డు మీద బాస్, అంటే మంద్ర ధ్వనులు, తగ్గించి చెక్కుతారు, ఆంప్లిఫయరు దాన్ని తిరిగి పెంచుతుంది. 20 హెర్ట్జ్ (సెకనుకి 20 ఊపులు) దగ్గర ఆ పెంపు, 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే, దాదాపు 9 రెట్లు. బల్ల వణుకు కూడా అంతే పెరిగి వినిపిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. మోటారు ఆపేసి, ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ మెల్లగా కొద్దిగా పెంచండి. స్పీకరు పక్కన బల్లని వేలి కణుపుతో తట్టండి, ధబ్ ధబ్‌మంటుంది. తర్వాత స్పీకర్లని రెండు బరువైన స్టూళ్ల మీదకి మార్చి, ఈసారి స్టూలుని తట్టండి. ప్లేయరు గది మూలలో లేకుండా చూసుకోండి, బాస్ అక్కడే ఎక్కువ పోగవుతుంది.

ఆంప్లిఫయరు కింద కూడా ఖరీదైన పాదాలు పెట్టమని కొందరు చెప్తారు. మీది ట్రాన్సిస్టర్లది, దానికి ఆ ఖర్చు దండగ. పాతకాలపు గాజు గొట్టాల వాల్వులదైతే వేరే మాట, తడితే మోగే వాల్వులుంటాయి.

ఆ డబ్బేదో ముల్లు మీద పెట్టండి. అరిగిన ముల్లు రికార్డుల్ని గీసేస్తుంది. ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీ, కార్ట్రిడ్జి, మీద ఉన్న నంబరు భూతద్దం పెట్టి చూసి రాయండి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తాను.

మీ మేనల్లుడు