నెలనెలా చందా తీసుకుంటూనే సేవ మానేసిన విషయమై ఫిర్యాదు

హనుమకొండ,
3 నవంబరు 2025.

గ్రీవెన్స్ అధికారి గారికి,
భారత విభాగం.

విషయం: ముంబయి సర్వర్‌ను చెప్పకుండా తొలగించడం, సహాయ విభాగం స్పందించకపోవడం, అయినా చందా వసూలు చేస్తూ ఉండడం గురించి.

ఆర్యా,

నేను 2021 జనవరి నుంచి మీ ఆన్‌లైన్ షూటింగ్ ఆటకు చందాదారుణ్ణి. నెలకు 299 రూపాయల చొప్పున గత నెల వరకు 58 నెలలపాటు, ఒక్క నెల కూడా తప్పకుండా, యూపీఐ ఆటోపే ద్వారా నా ఖాతా నుంచి మీకు సొమ్ము చేరింది. మొదటి నాలుగేళ్ల సేవపై నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. ఆట నచ్చబట్టే నా స్నేహితులు ఐదుగురి చేత చందా కట్టించాను. ఈ ఏడాది మార్చి నుంచి జరుగుతున్నదాని గురించే ఈ లేఖ రాస్తున్నాను.

మార్చి రెండో వారంలో ఒక రాత్రి ఆట తెరిస్తే సర్వర్ల, అంటే ఆటను నడిపే మీ కంప్యూటర్ల, జాబితాలో ముంబయి కనిపించలేదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఒక్కటే మిగిలింది. మరమ్మతు ఏదో జరుగుతోందనుకొని రెండు వారాలు ఆగాను. ఆటలో గానీ, ఈమెయిల్‌లో గానీ, మీ వెబ్‌సైట్‌లో గానీ దీని గురించి ఈనాటి వరకు ఒక్క వాక్యం కూడా లేదు. ముంబయి సర్వర్ ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పింగ్, అంటే సంకేతం సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, 30 మిల్లీసెకన్ల దగ్గర ఉండేది. ఇప్పుడు 170కి తగ్గడం లేదు. రాత్రి తొమ్మిది దాటితే 220 వరకు పోతోంది. ఆడనివారికి ఇది చిన్న తేడాగా తోచవచ్చు గనుక కొంత వివరిస్తాను. తూటా తగిలిందో లేదో నిర్ణయించేది నా కంప్యూటర్ కాదు, మీ సర్వర్. నేను మీట నొక్కిన సంగతి ఐరోపా దాకా వెళ్లి, అక్కడి నిర్ణయం నా తెర మీదికి తిరిగి వచ్చేసరికి ఎదుటి ఆటగాడు గోడ చాటుకు వెళ్లిపోతున్నాడు. నేను చాటుకు చేరినట్టు నా తెర చూపిస్తున్నా, సర్వర్ లెక్కలో ఇంకా బయటే ఉండి దెబ్బ తింటున్నాను. ఈ ఆలస్యం దూరం వల్ల వచ్చింది కాబట్టి నేను ఎంత వేగవంతమైన ఇంటర్నెట్ ప్లాన్ తీసుకున్నా పోదు. అయినా మీ సహాయ విభాగం నాకిచ్చిన సలహా, రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయమని.

ఆ సలహా కూడా మనిషి రాసింది కాదని తర్వాత అర్థమైంది. మార్చి నుంచి నేను ఐదు టికెట్లు, అంటే ఆన్‌లైన్ ఫిర్యాదులు, పెట్టాను. ఐదింటికీ అక్షరం మారకుండా అదే జవాబు వచ్చింది, మూడు రోజులకు ప్రతి టికెట్టూ దానంతటదే మూసుకుపోయింది. 2023లో నేను కొన్న వస్తువు ఖాతాలో చేరకపోతే మీ ఉద్యోగి ఒకరు మర్నాడే సరిచేసి, ఆలస్యానికి క్షమాపణ చెబుతూ నాలుగు వాక్యాలు రాశారు. ఆ మర్యాద నాకు ఇప్పటికీ గుర్తుంది, ఇప్పుడు అక్కడ ఎవరూ లేరన్నది అందుకే ఇంకా బాధగా ఉంది. గోడల అవతల ఉన్నవారిని కూడా చూపించే మోసపు ప్రోగ్రాములు వాడే ఖాతాలను వీడియోలతో సహా రిపోర్ట్ చేశాం; ఆ ఖాతాలు నెలల తరబడి అవే పేర్లతో ఆడుతున్నాయి.

మా తమ్ముడు దుబాయిలో పని చేస్తాడు. శనివారం రాత్రి ఇక్కడ తొమ్మిది, అక్కడ ఏడున్నర అయ్యేసరికి ఇద్దరం హెడ్‌సెట్లు పెట్టుకొని కూర్చునేవాళ్లం. ఆట ఆడుతూనే అమ్మ మందుల సంగతి, వాడి వీసా సంగతి మాట్లాడుకునేవాళ్లం. ఫోన్‌లో రెండు నిమిషాలకే మాటలైపోయే మా ఇద్దరికీ అక్కడ రెండు గంటలు తెలియకుండా గడిచేవి. జూన్ నుంచి వాడు రావడం మానేశాడు. ఇది మీ ఒప్పందంలో ఉన్న సేవ కాదని నాకు తెలుసు, కానీ మేము ఐదేళ్లుగా చందా కట్టింది దీని కోసమే.

అన్నిటికంటే నాకు అన్యాయంగా తోచింది ఏప్రిల్‌లో జరిగినది. సర్వర్ తీసేసిన నెల తర్వాత మీరే ఆట మొదటి తెర మీద వార్షిక సీజన్ పాస్‌ను 1,499 రూపాయలకు అమ్మకానికి పెట్టారు. ఏడాది పొడవునా కొత్త మ్యాపులు, అంటే ఆట సాగే కొత్త ప్రదేశాలు, వస్తాయని అందులో రాశారు. ఆ మాట నమ్మి, మళ్లీ బాగవుతుందన్న ఆశతో కొన్నాను. ఏడు నెలల్లో ఒక్క మ్యాప్ కూడా రాలేదు. ఆటలోని దుకాణంలో మాత్రం ప్రతి శుక్రవారం కొత్త స్కిన్లు, అంటే పాత్రలకు, ఆయుధాలకు వేసే పైపై అలంకరణలు, వస్తూనే ఉన్నాయి.

ఏ ఆటనైనా శాశ్వతంగా నడపడం ఎవరికీ సాధ్యం కాదని నేను ఒప్పుకుంటాను. యూబీసాఫ్ట్ అనే ఆటల సంస్థ 2014లో విడుదల చేసిన ‘ద క్రూ’ అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. కొన్నవారు కూడా ఇక ఆడలేని స్థితి రావడంతో ఆగ్రహం పెరిగి, ఇలాంటి మూసివేతలకు వ్యతిరేకంగా ఐరోపాలో మొదలైన పౌరుల వినతిపై 2025 జులైకల్లా 10 లక్షలకు పైగా సంతకాలు చేరాయి. అంత నిరసనకు గురైన ఆ సంస్థ కూడా 2023 డిసెంబరులోనే మూసివేత తేదీని ప్రకటించి, అప్పుడే అమ్మకం ఆపింది. మీరు తేదీ చెప్పలేదు, అమ్మకం ఆపలేదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం వినియోగదారుడికి తెలియాల్సిన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడం కూడా సేవాలోపమే. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నా టికెట్లకు వచ్చిన యాంత్రిక జవాబులను నేను పరిష్కారంగా అంగీకరించడం లేదు.

కాబట్టి ముంబయి సర్వర్‌ను తిరిగి తెస్తారా, తేరా అన్నది చందాదారులందరికీ రాతపూర్వకంగా చెప్పండి. అది తేలేవరకు భారతదేశంలోని ఖాతాలపై ఆటోపే వసూలును, సీజన్ పాస్ అమ్మకాన్ని నిలిపివేయండి. మార్చి నుంచి అక్టోబరు వరకు తీసుకున్న ఎనిమిది నెలల చందా 2,392 రూపాయలు, సీజన్ పాస్ ధర 1,499 రూపాయలు, మొత్తం 3,891 రూపాయలు నాకు తిరిగి చెల్లించండి. ఆటను ఆపివేయాలనే నిర్ణయించి ఉంటే కనీసం మూడు నెలల ముందు తేదీ ప్రకటించి, ఆటగాళ్లు తమ సొంత సర్వర్లపై నడుపుకోవడానికి అవసరమైన ప్రోగ్రామును విడుదల చేయండి. మీకు ఖర్చు లేకుండా నడుపుకోవడానికి మాలో పని తెలిసినవారు ఉన్నారు.

చెల్లింపు రసీదులు, ఐదు టికెట్ల నకళ్లు, మార్చికి ముందూ తర్వాతా తీసిన పింగ్ చిత్రాలు జతపరిచాను. ఈ లేఖ అందిన నెల రోజుల్లో మీ నుంచి సంతృప్తికరమైన సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నా ఆటోపేను నేను నిన్ననే రద్దు చేశాను. ఖాతాను మాత్రం తొలగించలేదు. మీ జవాబు కోసం ఉంచాను.

ఇట్లు,
మీ చందాదారుడు
(పేరు, ఖాతా వివరాలు జతపరిచిన పత్రంలో ఉన్నాయి)