మీ సాఫ్ట్‌వేర్ చూపిస్తున్న బాకీలు తప్పు, ఈసారైనా క్వెరీ సరిచేయండి

నమస్కారం అండీ,

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో మాది హోల్‌సేల్ కిరాణా షాపు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బాకీలు తప్పొస్తున్నాయని రాయడం ఇది మూడోసారి, ప్రతిసారీ "మీ ఎంట్రీలో పొరపాటు ఉండుంటుంది" అనే జవాబు. ఎంట్రీలన్నీ నాన్న చేతిరాత చిట్టాతో ఒక్కొక్కటే సరిచూశాను, ఎక్కడా తేడా లేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ నాకూ కాస్త వచ్చు కాబట్టి మీరిచ్చిన కోడ్ తెరిచాను.

భీమిలి ఖాతా ఒకటి తీసుకోండి. మూడు బిల్లులు: 12,000, 8,000, 10,000. రెండు జమలు, ఒక్కోటీ 5,000. రావాల్సింది 20,000, మీ రిపోర్టులో 30,000. బిల్లుల మొత్తం, జమల మొత్తం ఒకే యానొటేట్‌లో (ప్రతి ఖాతాకీ లెక్క జతచేసే ఆదేశం) అడిగారు. జాంగో ఓఆర్‌ఎమ్ (పైథాన్ కోడ్‌ని డేటాబేస్ క్వెరీలుగా, అంటే ప్రశ్నలుగా మార్చే భాగం) ఆ రెండు సంబంధాలనీ రెండు జాయిన్లుగా (పట్టికల్ని కలపడంగా) మార్చి డేటాబేస్‌కి ఒకే క్వెరీ పంపుతుంది, దాంతో ప్రతి బిల్లూ ప్రతి జమతో జతకట్టి ఆరు వరుసలవుతాయి, బిల్లులు రెండింతలై 60,000, జమలు మూడింతలై 30,000, తేడా 30,000. ఇలా చేస్తే లెక్క తప్పుతుందని జాంగో డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది, మీవాళ్లు చదవలేదంతే.

పోయిన వారం సరిచేశామని అప్‌డేట్ ఇచ్చారు. ఏం చేశారా అని చూస్తే రెండు సమ్‌లకీ (మొత్తాలకీ) డిస్టింక్ట్ తగిలించారు, అంటే ఒకే అంకె మళ్లీ వస్తే ఒక్కసారే కలుపుతుంది! రెండు జమలూ 5,000 కావడంతో ఒకటి ఎగిరిపోయి బాకీ 25,000 అయింది. ఆ భీమిలి ఖాతాదారుకి రెండు స్టేట్‌మెంట్లు వెళ్లాయి, రెండు రకాల అంకెలతో. ఫోన్ చేసి ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.

అసలు ఒక్క రూపాయీ కట్టనివాళ్లకైతే బాకీ గడి ఖాళీ. జమ లేకపోయినా ఖాతాని ఉంచే లెఫ్ట్ జాయిన్‌లో జమ వరుస దొరక్క మొత్తం నల్ (సున్నా కాదు, అసలు విలువే లేదని) వస్తుంది, బిల్లులోంచి నల్ తీసేస్తే మిగిలేదీ నల్లే. ఎగ్గొట్టేవాళ్లకి మీ సాఫ్ట్‌వేర్ భలే నచ్చుతుంది.

బిల్లుల జాబితా నెమ్మదిగా తెరుచుకోవడం వేరే సంగతి. 200 బిల్లులుంటే ఖాతాదారు పేర్ల కోసం ఇంకో 200 క్వెరీలు పోతున్నాయి, పేర్లని బిల్లులతోపాటే తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ పెడితే ఒక్క జాయిన్‌తో అయిపోతుంది. అది తర్వాతైనా పరవాలేదు.

ముందు బాకీ రిపోర్టు చూడండి. బిల్లుల మొత్తం ఒక సబ్‌క్వెరీలో (క్వెరీ లోపలి విడి క్వెరీలో), జమల మొత్తం ఇంకో సబ్‌క్వెరీలో తీసి, నల్ వచ్చినచోట కోలెస్‌తో సున్నా పెట్టండి. ఆ భీమిలి ఖాతాకి 20,000 వచ్చిన స్క్రీన్‌షాట్ చూపించాకే అప్‌డేట్ పంపండి. శనివారంలోగా కాకపోతే వచ్చే ఏడాది సర్వీసు డబ్బు కట్టం. అప్పటిదాకా నాన్న చిట్టా చూసే వసూళ్లు చేసుకుంటున్నాం.