రిటర్న్ లైనులో చెక్ వాల్వు ఇక పెట్టను

మన దగ్గర సంప్ ఉన్న చేపల ట్యాంకులు చేయించుకున్న అందరికీ నమస్కారం. సంప్ అంటే ట్యాంకు కింద ఉండే తొట్టె; ట్యాంకు నీళ్లు అందులోకి దిగితే, పంపు వాటిని రిటర్న్ పైపులోంచి మళ్లీ పైకి పంపుతుంది. పోయిన నెల ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, మన షాపులో చేసిన నాలుగడుగుల డిస్కస్ చేపల ట్యాంకు నీళ్లు ఒక కస్టమర్ గారి హాలంతా పారాయి. కింద ఫ్లాటు వాళ్ల సీలింగు కూడా తడిసింది. ఆ ఫొటోలు వాట్సాప్‌లో మీలో చాలామందికి చేరాయి, "చవక ఫిట్టింగులు వేశాడు" అన్న మాటతో సహా. ఆ మాట నన్ను బాగా బాధపెట్టింది. పదమూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఫిట్టింగు దగ్గర పైసలు మిగుల్చుకున్నది ఏనాడూ లేదు. కానీ తప్పు మాత్రం జరిగింది, అదేంటో నా నోటితోనే చెప్పాలి.

తెల్లవారుజామున ఫోన్ వస్తే వెళ్లాను. అప్పటికి కరెంటు వచ్చేసింది. సంప్‌లో నీళ్లు చాలక పంపు గాలి పీలుస్తూ గరగరమంటోంది. చేపలకేం కాలేదు. పంపు ఆపి, రిటర్న్ పైపులో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు విప్పి చూస్తే, లోపలి రబ్బరు మూత అంచు చుట్టూ బోరునీళ్ల ఉప్పు తెల్లగా గట్టిపడి ఉంది. దాని సందులో శనగగింజంత నత్తగుల్ల. మూత పూర్తిగా పడటానికి వీల్లేదు.

పంపు ఆగగానే రిటర్న్ పైపు సైఫన్‌లా పనిచేసి ట్యాంకు నీళ్లను వెనక్కి సంప్‌లోకి లాగుతుంది. ట్యాంకులో ఆ పైపు చివర ఉండే నాజిల్ నోరు నీళ్లలోంచి బయటపడేదాకా లాగుతూనే ఉంటుంది. ఆ ట్యాంకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఒక్క అంగుళం నీళ్లంటే దాదాపు 19 లీటర్లు. నాజిల్ మూడంగుళాల లోతులో ఉంది, అంటే 57 లీటర్లు. ట్యాంకు నీళ్లను సంప్‌లోకి దించే ఓవర్‌ఫ్లో బాక్సులోంచి దిగేవి అదనం. సంప్‌లో నేను వదిలిన ఖాళీ 40 లీటర్లే.

అంత తక్కువ ఎందుకు వదిలానంటే, చెక్ వాల్వును నమ్మాను గనక. మూడేళ్ల కిందటి వరకూ ప్రతి నాజిల్‌కీ నీటిమట్టానికి అర అంగుళం కింద ఒక బెజ్జం వేసేవాణ్ణి. నీళ్లు అక్కడిదాకా దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. పంపు నడిచేటప్పుడు ఆ బెజ్జంలోంచి సన్నటి ధార కనిపిస్తుంది, చూడ్డానికి బాగోలేదని కొందరు అనేవారు. అప్పుడే మా హోల్‌సేలర్ స్ప్రింగు చెక్ వాల్వు తెచ్చి "ఇది పెట్టండన్నా, బెజ్జాలతో పనేలేదు, నాజిల్ ఎంత లోతుకైనా దించుకోండి" అన్నాడు. వారం రోజులు ఆలోచించాను. షాపులో ట్యాంకుకి పెట్టి, ఇరవైసార్లు స్విచ్ ఆపి చూశాను. చుక్క దిగలేదు. కొత్త వాల్వు కదా, ఎందుకు దిగుతుంది! ఏడాది వాడాక ఆపి చూడాల్సింది. ఈ దుర్ఘటన తర్వాత అదే హోల్‌సేలర్‌కి ఫోన్ చేస్తే "మీ నీళ్లలో ఉప్పెక్కువ, నన్నేం చేయమంటారు" అని పెట్టేశాడు. వచ్చింది స్ప్రింగు వాల్వు కూడా కాదు, మామూలు మూతది. విప్పితేగానీ తెలియలేదు. అతని దగ్గర సరుకు ఆపేశాను.

ఆ రకంగా చేసినవి మొత్తం 14 ట్యాంకులు. అన్నిటికీ నా ఖర్చుతోనే వచ్చి మారుస్తాను. కింద ఫ్లాటు పెయింటు డబ్బులు ఇచ్చేశాను.

"బెజ్జం వేసి, వాల్వు కూడా ఉంచేయొచ్చుగా" అని ముగ్గురు అడిగారు. దీని మీద నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఉంచనండి. వాల్వు ఉంటే వెనక్కి దిగే నీళ్లు కొంత తగ్గుతాయి, అది సరే. కానీ అది ఉందన్న ధైర్యంతో బెజ్జంలో పేరుకున్న నాచు ఎవరూ తీయరు. నేనే అలా మోసపోయాను. బతిమాలినా పెట్టను, ఇంకెవరి చేతైనా పెట్టించుకుంటే నాకు చెప్పండి.

నేను వచ్చేలోపు ఒక పని చేయండి. పగటిపూట దగ్గరుండి పంపు ఆపండి. సంప్ అంచుకి రెండంగుళాల కిందకి నీళ్లు వస్తే వెంటనే పంపు వేసేసి, రెండు బకెట్లు తోడేయండి. పంపు తిరిగేటప్పుడు సంప్‌లో నీళ్లు ఎక్కడ ఉన్నాయో అక్కడ టేపు అంటించుకోండి. ఆవిరై తగ్గిన నీళ్లు ఆ గీతదాకానే పోయాలి, అదీ పంపు నడుస్తున్నప్పుడే. కరెంటు లేనప్పుడు ఒక్క చెంబు కూడా పోయకండి.

కరెంటు వచ్చాక, ట్యాంకు నుంచి సంప్‌లోకి దిగే డ్రెయిన్ పైపు ఒకట్రెండు నిమిషాలు గుడగుడమంటుంది. అది పైపులో గాలి పోయే చప్పుడు. దయచేసి ఆ పైపు మీది గేట్ వాల్వు తిప్పకండి. పక్కనున్న రెండో పైపు ఎమర్జెన్సీది, అది పొడిగా ఉండాలి.

హాలు తడిసిన ఇంటికే ముందు వెళ్లాను. నాజిళ్లు పైకి లేపి, కొత్త బెజ్జాలు వేశాక, ఆ మేడం గారే వచ్చి ప్లగ్గు పీకారు. నేల మీద పాత తువ్వాళ్లు పరిచి అందరం సంప్ ముందు కూర్చున్నాం. నీళ్లు అంచుకి నాలుగు వేళ్ల కింద ఆగాయి. ఆవిడ ఇంకో పావుగంట చూసి, అప్పుడు తువ్వాళ్లు తీయమన్నారు.