నిన్న రాత్రి ఫోన్ మోగింది, థాంక్స్ మీకే

పోయిన నెల నా సైట్ రాత్రంతా డౌన్ అయి ఉంటే నేను గురకపెట్టి పడుకున్నానని ఇక్కడ ఏడ్చాను గుర్తుందా, ఆ గోలంతా ఓపిగ్గా విని దారి చూపించిన అందరికీ ముందు దణ్ణం. అప్పుడు జరిగింది ఏం లేదు, లాగ్స్ (సర్వర్ రాసుకునే రికార్డులు) పెరిగి డిస్క్ నిండింది, డేటాబేస్ ఆగింది, ఈమెయిల్ అలర్ట్‌లు మాత్రం బుద్ధిగా వచ్చి ఇన్‌బాక్స్‌లో కుప్పపడ్డాయి, సైలెంట్‌లో ఉన్న ఫోన్‌కి అవి వస్తే ఎంత రాకపోతే ఎంత.

అప్‌టైమ్ కూమా (సైట్ నడుస్తోందా లేదా అని ఎప్పటికప్పుడు చూసి చెప్పే సాఫ్ట్‌వేర్) పెట్టుకోమని చెప్పిన అన్నకి స్పెషల్ థాంక్స్. నేను తెలివిగా దాన్ని కూడా సైట్ ఉన్న సర్వర్‌లోనే వేశా 😅 "కాపలావాడు కూడా ఆ ఇంట్లోనే పడుకుంటే ఇల్లు అంటుకున్నప్పుడు కేకేసేదెవరు తమ్ముడూ" అన్నారు, సిగ్గేసి అదే రోజు వేరే చోటికి మార్చా. సైట్ పడితే అక్కణ్ణుంచి వెబ్‌హుక్ (దానంతటదే వెళ్ళే కబురు) ఒక చిన్న స్క్రిప్ట్‌కి వెళ్తుంది, అది ట్విలియోతో (ప్రోగ్రామ్ నుంచి ఫోన్ కాల్స్ చేయించే సర్వీస్) నాకు కాల్ చేయిస్తుంది. ట్రయల్ అకౌంట్‌లో వెరిఫై చేసిన నంబర్లకే కాల్ వెళ్తుందని తెలీక ఒక సాయంత్రమంతా నా కోడ్‌నే తిట్టుకున్నా, అది వేరే కథ.

రీట్రై 3, అంటే ఒకసారి ఫెయిలైనా ఇంకో మూడుసార్లు చూశాకే అలర్ట్ ఇచ్చేలా పెట్టమన్నది కూడా మంచి మాటే, లేకపోతే నెట్ ఒక్కసారి తుమ్మినా నాకు కాల్ వచ్చేది. అలాగే కీవర్డ్ చెక్, అంటే ఊరికే 200 (సర్వర్ "అంతా ఓకే" అని చెప్పే కోడ్) వచ్చిందా అని కాకుండా పేజీలో ఫలానా మాట ఉందా అని చూడటం, ఇది నాకు అసలు తట్టలేదు, తెల్లటి ఖాళీ పేజీకి కూడా సర్వర్ 200 ఇచ్చేస్తుంది కదా.

కానీ అన్నిటికన్నా పనికొచ్చింది అక్క చెప్పిన ముక్క. కాల్ సెటప్ అంతా చేసి ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టుకుంటే ఏం లాభం, ఆ కాల్ వచ్చే నంబర్‌ని కాంటాక్ట్‌లో సేవ్ చేసి ఆండ్రాయిడ్‌లో అయితే స్టార్ పెట్టి స్టార్ ఉన్నవాళ్ళ కాల్స్‌కి పర్మిషన్ ఇవ్వు, ఐఫోన్‌లో అయితే ఎమర్జెన్సీ బైపాస్ ఆన్ చెయ్యి అన్నారు. ఇంకోటి, వాయిస్‌మెయిల్ ఎత్తినా సిస్టమ్ దాన్ని మనిషే ఎత్తాడనుకుంటుంది, అందుకే 1 నొక్కితేనే ఆగేలా పెట్టుకో, నొక్కకపోతే మళ్ళీ చెయ్యాలి అన్నారు.

నిన్న రాత్రి 2:40కి మోగింది. మొదటి కాల్ నిద్రమత్తులో కట్ చేసేశా. 1 నొక్కలేదు కాబట్టి రెండు నిమిషాలకి మళ్ళీ వచ్చింది, ఆ మర గొంతు "సైట్ డౌన్, సైట్ డౌన్" అంటుంటే లేచి కూర్చున్నా. చూస్తే 502 ఎర్రర్, వెనకాల యాప్ ప్రాసెస్ చచ్చిపోయింది. రీస్టార్ట్ చేసి పైకి తెచ్చేసరికి మొత్తం 11 నిమిషాలు, పోయినసారి ఏడు గంటలు.

ఇప్పుడు ఒకటే బాధ, పగలు ఎవరి ఫోన్‌లో ఆ రింగ్‌టోన్ మోగినా గుండె జారిపోతోంది. ఇవాళే మార్చేస్తున్నా. అన్నకీ అక్కకీ మళ్ళీ థాంక్స్ 🙏