కాన్సాస్ సిటీ ఖర్చు: అద్దె పక్కన రాయాల్సిన అంకెలు

సంపాదకులు గారికి,

నమస్కారం. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో అద్దెలు చూసి బెదరొద్దు, అమెరికా మధ్యప్రాంతపు నగరాలకు వెళ్తే సగం ఖర్చుతో గడిచిపోతుందని మన పత్రికల విద్యా పేజీల్లో తరచూ చదువుతుంటాం. తెలుగు విద్యార్థులు ఎక్కువగా చేరే కాన్సాస్ సిటీ విషయంలో అద్దె వరకు అది నిజమే. ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్ నెలకు 1,100 నుంచి 1,300 డాలర్లకు, రెండు బెడ్‌రూములది 1,400 చుట్టుపక్కల దొరుకుతుంది. అయితే అద్దెలో మిగిలిందంతా కారు, చలి, పన్నులు, ఆస్పత్రి కలిసి లాగేసుకుంటాయి. అందుకే నెల ఖర్చు కంటే ముందు, దిగిన మొదటి రెండు నెలలకు చేతిలో ఎంత ఉండాలో పత్రికలు రాయాలని కోరుతున్నాం.

ఆ రెండు నెలలే ఎందుకంటే, అప్పటిదాకా ఒక్క డాలరూ చేతికి రాదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయగలరు. ఆ పని దొరికితేనే సోషల్ సెక్యూరిటీ నంబరుకు (జీతానికీ, పన్నులకూ వాడే గుర్తింపు సంఖ్య) దరఖాస్తు. దేశంలో దిగాక పది రోజులు ఆగి వెళ్లమంటారు, కార్డు రావడానికి ఇంకో రెండు వారాలు. జీతం రెండు వారాలకోసారి, అదీ పని చేసిన తర్వాత. ఆగస్టులో దిగినవారికి అక్టోబరులో మొదటి జీతం వస్తే అదృష్టమే.

రెండు బెడ్‌రూముల్లో నలుగురు ఉంటారనుకుంటే ఒక్కొక్కరికి లెక్క ఇది. రెండు నెలల అద్దె 700, డిపాజిట్ వాటా 350, తిండికి 450, పరుపు, గిన్నెలు, కుక్కర్ వగైరాకు 250, చలికోటు, బూట్లకు 150, కరెంటు, ఇంటర్‌నెట్, ఫోనుకు 200. మొత్తం 2,100 డాలర్లు. అనుకోనివి కలిపి 3,000 పెట్టుకోవాలి. ఇందులో కారు లేదు, ఫీజుతో పాటు యూనివర్సిటీ వసూలు చేసే ఆరోగ్య బీమా కూడా లేదు.

లీజు మీద సంతకం పెట్టేముందు ఒక్క నిబంధన వెతకాలి. నలుగురు కలిసి సంతకం చేస్తే అద్దె మొత్తానికి ప్రతి ఒక్కరూ బాధ్యులే. డిసెంబరులో చదువు పూర్తయి ఒకరు డాలస్‌లో ఉద్యోగానికి వెళ్లిపోతే, అపార్ట్‌మెంట్ ఆఫీసు మిగతా ముగ్గురి దగ్గర మొత్తం అద్దె వసూలు చేస్తుంది. కాబట్టి వెళ్లేవారు తమ బదులు మనిషిని చూపించి, లీజులో పేరు మార్పించాకే కదలాలి. పేరు లేని వారిని ఇంట్లో ఉంచుకోవడం ఇంకా ప్రమాదం, తెలిస్తే లీజు ఉల్లంఘన కింద నోటీసు వస్తుంది. లీజు ముగిసే తేదీ దానంతటదే గడిచిపోతుందనుకోవద్దు. చాలా చోట్ల 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, లేకుంటే ఎక్కువ అద్దెతో నెలనెలా కొనసాగుతుంది.

ఈ నగరం మిస్సోరి, కాన్సాస్ అనే రెండు రాష్ట్రాల్లో ఉంది, డిపాజిట్ నిబంధనలు వేరువేరు. మిస్సోరి చట్టం ప్రకారం డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు. కాన్సాస్ రాష్ట్రంలో సామాను లేని ఇంటికి ఒక నెలే. మిస్సోరిలో ఖాళీ చేసిన 30 రోజుల్లోపు డబ్బు తిరిగివ్వాలి, కోత పెడితే దేనికెంతో జాబితా ఇవ్వాలి. చేరిన రోజే గోడలు, కార్పెట్, పొయ్యి, స్నానాలగది ఫొటోలు తీసి ఆఫీసుకు ఈమెయిల్ చేయాలి, తేదీతో సహా రుజువు ఉంటుంది. వెళ్లేటప్పుడు కొత్త చిరునామా రాసివ్వాలి. చెక్కు పాత చిరునామాకు పోయి వెనక్కి తిరగడం వల్లే చాలామంది డిపాజిట్ పోగొట్టుకుంటున్నారు.

రెండు రాష్ట్రాల హద్దు నగరం మధ్యలోనే ఉంది. స్టేట్‌లైన్ రోడ్డుకు ఒకపక్క మిస్సోరి, మరోపక్క కాన్సాస్. మన దేశీ కొట్లు ఎక్కువగా ఉన్న ఓవర్‌లాండ్ పార్క్ కాన్సాస్‌లోది. అక్కడ 2025 జనవరి 1 నుంచి కిరాణా మీద రాష్ట్ర అమ్మకపు పన్ను ఎత్తేశారు, సుమారు 3 శాతం స్థానిక పన్ను మిగిలింది. మిస్సోరి వైపు నగరంలో కిరాణా మీద దాదాపు 6 శాతం పడుతుంది. ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా మీద ఆ తేడా డాలరు లోపే, దానికోసం పెట్రోలు పోసుకుని వెళ్లడం దండగ. పెద్ద తేడా జీతం దగ్గర ఉంది. మిస్సోరిలోని కాన్సాస్ సిటీలో నివసించినా, పని చేసినా జీతం మీద నగరానికి ఒక శాతం కట్టాలి. 70,000 డాలర్ల జీతానికి 700. ఆ నగరంలో ఉంటూ కాన్సాస్ వైపు కంపెనీలో పనిచేసేవారికి ఈ పన్ను తరచూ జీతంలో కోయరు. ఏటా ఏప్రిల్ 15 లోపు ఆర్‌డీ-109 ఫారం తామే వేయాలి. సంగతి తెలియక ఊరుకుంటే కొన్నేళ్లకు వడ్డీతో కలిపి నోటీసు వస్తుంది.

కారు సంగతికొస్తే, యూఎంకేసీ (కాన్సాస్ సిటీలోని మిస్సోరి విశ్వవిద్యాలయం) విద్యార్థులకు 2025 అక్టోబరు నుంచి ఒక మేలు జరిగింది. ఉచితంగా నడిచే స్ట్రీట్‌కార్ మెయిన్ స్ట్రీట్ మీదుగా క్యాంపస్ దాకా వచ్చింది. ఆ దారిలో ఇల్లు తీసుకుంటే మొదటి ఏడాది కారు లేకుండా గడపవచ్చు, శనివారం రివర్ మార్కెట్ దాకా ఎక్కి కూరగాయలూ తెచ్చుకోవచ్చు. అద్దె నెలకు వంద ఎక్కువైనా మా లెక్కలో ఇదే చవక. మరో యూనివర్సిటీ ఉన్న వారెన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లోనో, నగర శివార్లలోనో ఉండేవారికి ఆ వీలు లేదు.

మిస్సోరిలో 8,000 డాలర్లకు పాత కారు కొంటే ఖర్చు అక్కడితో ఆగదు. 30 రోజుల్లో టైటిల్ (యాజమాన్య పత్రం) తమ పేరుకు మార్చుకోవాలి, అప్పుడే అమ్మకపు పన్ను 700 డాలర్లకు దగ్గరగా పడుతుంది. డీలరు దగ్గర కాక మామూలు మనిషి దగ్గర కొన్నా తప్పదు. ఆలస్యమైతే 25 డాలర్ల నుంచి మొదలై 200 దాకా జరిమానా. పదేళ్లు దాటినా, లక్షా యాభై వేల మైళ్లు దాటినా భద్రతా తనిఖీ చీటీ కావాలి. ఇక్కడి డ్రైవింగ్ చరిత్ర లేనివారికి బీమా నెలకు 150 నుంచి 250 దాకా చెబుతారు. ఇవన్నీ అయ్యాక ఏటా ఆస్తి పన్ను ఒకటుంది. జనవరి 1న కారు ఎవరి పేరున ఉంటే వాళ్లు మార్చి 1 లోపు కౌంటీకి (మన జిల్లా లాంటిది) తెలియజేసి, డిసెంబరు 31 లోపు కట్టాలి. పది వేల డాలర్ల కారుకు రెండు మూడు వందలు. ఆ రసీదు లేకుండా నంబరు ప్లేటు రెన్యూ కాదు. సెప్టెంబరులో కొన్న కొత్తవారికి ఆ ఏడాది పన్ను ఉండదు, కానీ ‘బాకీ లేదు’ అన్న పత్రం కౌంటీ అసెసర్ (ఆస్తి విలువ లెక్కకట్టే అధికారి) ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి. అది లేక నంబరు ప్లేట్లిచ్చే లైసెన్సు ఆఫీసు నుంచి వెనక్కి తిరిగేవారే ఎక్కువ.

చలికాలంలో థర్మోస్టాట్ 68 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టుకుంటే గ్యాస్ బిల్లు అదుపులో ఉంటుంది. సెలవులకు ఊరెళ్లేటప్పుడు హీటర్ పూర్తిగా ఆపొద్దు. 55 కన్నా తగ్గిస్తే పైపుల్లో నీరు గడ్డకట్టి అవి పగలవచ్చు, ఆ నష్టం అద్దెదారు మీద పడవచ్చు. వేసవిలో మిస్సోరి వైపు కరెంటు రేటు సాయంత్రం 4 నుంచి 8 వరకు ఎక్కువ. బట్టలు ఆరబెట్టే యంత్రం ఎనిమిది తర్వాతే వేసుకోవాలి.

జ్వరానికీ, చిన్న దెబ్బకూ ఎమర్జెన్సీకి పోకుండా క్యాంపస్ క్లినిక్‌కో, బీమా నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్‌కో (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే చిన్న క్లినిక్) వెళ్లాలి. పెద్ద బిల్లు వస్తే క్రెడిట్ కార్డు తీయొద్దు. ముందు దేనికెంతో వివరంగా ఉన్న బిల్లు అడగాలి. లాభాపేక్ష లేని ఆస్పత్రులకు ఆర్థిక సాయం విధానం ఉండి తీరాలి, మొదటి బిల్లు వచ్చిన 240 రోజుల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు.

చివరగా ఆదాయ పన్ను. ఎఫ్-1 మీద ఉన్నవారికి మొదటి ఐదు క్యాలెండరు ఏళ్లు, ఓపీటీలో (చదువు తర్వాత పని చేసే అనుమతి) సహా, సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) కోత 7.65 శాతం వర్తించదు. పొరపాటున కోస్తే ముందు కంపెనీని అడగాలి, ఇవ్వకపోతే ఫారం 843 వేయాలి. ఈ ఏళ్లలో వేయాల్సింది 1040-ఎన్‌ఆర్ (పన్ను లెక్కలో నివాసి కానివారి రిటర్ను), దానితో 8843 ఫారం. ఆదాయం లేకున్నా 8843 తప్పదు. భారత్, అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని మొత్తం) దక్కుతుంది, 2025 ఆదాయానికి అది 15,750 డాలర్లు. మిగతా చాలా దేశాల విద్యార్థులకు లేని సౌకర్యం ఇది. ఒప్పందంలోని ఆర్టికల్ 21(2) అని ఫారంలో రాయాలి.

ఇట్లు,
కాన్సాస్ సిటీ ప్రాంతంలో ఉంటున్న మీ పాఠకులు