ఆ రాజుది చేతకానితనమేనా?

సంపాదకుడికి,

అయ్యా,

గత ఆదివారం అనుబంధంలో వియత్నాం యాత్ర మీద వేసిన వ్యాసం బాగుంది. హాలాంగ్ బే ఫొటోలు చూసి మా ఇంట్లోవాళ్ళు అప్పుడే టికెట్ల రేట్లు వెతకడం మొదలుపెట్టారు. కానీ థాన్ హోవా ప్రాంతంలోని హో కోట దగ్గరికి వచ్చేసరికి రచయిత రెండు వాక్యాల్లో పని కానిచ్చేశారు. 1397లో హో వంశపు రాజు దాన్ని కట్టించాడట. అంతకుముందున్న ట్రాన్ రాజు చేతకానివాడు కావడంతో సమర్థుడైన మంత్రి రాజ్యం చేపట్టాడట. మొదటి వాక్యం తప్పు. రెండోది అన్యాయం.

1397 నాటికి హో వంశం అన్నదే లేదు. అది మొదలైంది 1400లో, మీ రచయిత చెప్పిన ఆ మంత్రి తానే గద్దె ఎక్కాక. కోట కట్టేనాటికి సింహాసనం మీద ఉన్నది ట్రాన్ థువాన్ టోంగ్. దగ్గరుండి కట్టించింది ఆ మంత్రే, అంటే రాజుకు పిల్లనిచ్చిన మామ హో కుయ్ లీ. ఇక చేతకానితనం సంగతికి వస్తాను.

థువాన్ టోంగ్‌ను 1388లో గద్దె ఎక్కించారు. అప్పటికి పదేళ్ళ పిల్లాడు. తండ్రి న్గే టోంగ్ అంతకుముందే సింహాసనం వదులుకున్నాడు గానీ పెత్తనం వదులుకోలేదు. రాజు దిగిపోయి వెనక నుంచి నడిపించడం ట్రాన్ వంశంలో ఉన్న ఆచారమే. న్గే టోంగ్ తర్వాత రాజైన ఆయన తమ్ముడు 1377లో, దక్షిణాన ఉన్న పొరుగు రాజ్యం చంపా రాజధాని విజయ మీదికి దండెత్తి వెళ్ళి అక్కడే చనిపోయాడు. ఆ తమ్ముడి కొడుకు రాజయ్యాడు. పెరిగిపోతున్న కుయ్ లీని తప్పించాలని ఈ కుర్రాడు పథకం వేశాడు. సంగతి బయటికి పొక్కింది. కన్నకొడుకును అమ్ముకుని తమ్ముడి కొడుకును పెంచేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని కుయ్ లీ పెద్దాయన న్గే టోంగ్ చెవిలో వేశాడు. దాంతో ఆ రాజు పదవీ పోయింది, ప్రాణమూ పోయింది. ఉరి బిగించి చంపారు. ఖాళీ అయిన గద్దె మీద కూర్చోబెట్టింది ఈ పిల్లాణ్ణి, థువాన్ టోంగ్‌ను. ఎదురు తిరిగితే ఏమవుతుందో తనకంటే ముందు ఆ గద్దె మీద కూర్చున్న, వరసకు అన్నయిన రాజును చూసి తెలుసుకున్నాడు. అలాంటివాడిని ఎందుకు ఎదురు తిరగలేదని అడగడం తేలిక.

ఇంకోటి, ఈ కుయ్ లీ పరాయివాడు కూడా కాదు. ఆయన మేనత్త న్గే టోంగ్ తల్లి. అంటే మన వరసల్లో చెప్పాలంటే థువాన్ టోంగ్‌కు పెళ్ళికి ముందే మామ, పెళ్ళయ్యాక మళ్ళీ మామ. న్గే టోంగ్‌కు చివరి రోజుల్లో అనుమానం వచ్చినట్టే ఉంది. 1394లో ఒక బొమ్మ గీయించి కుయ్ లీకి ఇచ్చాడు. చిన్నవయసు రాజులకు నమ్మకంగా అండగా నిలిచిన నలుగురు మంత్రుల బొమ్మ అది. నువ్వూ మా అబ్బాయిని ఇలాగే చూసుకో అన్నాడు. కుయ్ లీ టోపీ తీసి, తల నేలకు ఆనించి, కన్నీళ్ళతో ఒట్టేశాడు. ఆ ఏడాది చివర్లో పెద్దాయన పోయాడు.

ఇక్కడి నుంచి అసలు కథ. 1395లో కుయ్ లీ సర్వాధికారి అయ్యాడు, మకాం రాజభవనం లోపలికే మార్చాడు. చైనా ప్రాచీన గ్రంథం నుంచి ఒక అధ్యాయం తీసుకుని, రాజుకు పాఠం చెప్పడానికని వియత్నామీస్‌లోకి స్వయంగా అనువదించాడు. రాజు సోమరిగా సుఖాలు మరగకూడదు, సేద్యంలోని కష్టం తెలుసుకోవాలి అని చెప్పే అధ్యాయం అది. చెయ్యడానికి ఒక్క పని కూడా మిగల్చని మనిషి, సోమరితనం మంచిది కాదని పాఠం చెబుతున్నాడన్నమాట! పదిహేడు, పద్దెనిమిదేళ్ళ రాజు దాన్ని ఏ మొహంతో విన్నాడో.

కుయ్ లీ తెలివితేటల్ని నేను తక్కువ చేయడం లేదు. 1396లో కాగితపు డబ్బు తెచ్చాడు. చిన్న నోటు మీద నాచు, ఆపైన అలలు, మేఘాలు, తాబేలు, అలా పెరుగుతూ పెద్ద నోటు మీద డ్రాగన్. రాగి నాణేలన్నీ ఖజానాకు జమ చేయమన్నారు, దొంగనోట్లు అచ్చేస్తే మరణశిక్ష అన్నారు. మరుసటి ఏడాది భూపరిమితి పెట్టాడు. రాజవంశంలోని పెద్దవాళ్ళకు తప్ప ఎవరికీ పది మావులకు (మావు అక్కడి భూమి కొలత) మించి ఉండకూడదని. ఆ కాలానికి ఇవి చాలా పెద్ద అడుగులు. అయితే ఈ శాసనాలన్నీ వెలువడింది థువాన్ టోంగ్ పాలనా సంవత్సరాల లెక్కతోనే. మెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు మంత్రిని మెచ్చుకుని, రాజ్యం పోయిన నింద మాత్రం రాజు ఖాతాలో రాయడం ఏం న్యాయం?

1397 చివర్లో రాజును బలవంతంగా థాంగ్ లాంగ్ (నేటి హనోయ్) నుంచి థాన్ హోవాకు తరలించారు. పాత రాజధానిలోని భవనాలను విప్పి ఆ కలపను కొత్త చోటికి తోలారు. రాజధాని మారిందంటే మీ గద్దె పోయినట్టేనని ఇద్దరు అంతఃపుర స్త్రీలు రాజు చెవిలో వేశారు. ఆ సంగతి కుయ్ లీకి తెలిసి వాళ్ళను చంపించాడు. 1398లో రాజు చేత సింహాసనం కొడుక్కి ఇప్పించారు. కొడుకంటే ఎవరు? కుయ్ లీ కూతురి బిడ్డ, రెండేళ్ళవాడు. మాజీ రాజును తావో సన్యాసిని చేసి ఒక ఆశ్రమానికి పంపారు, న్గుయెన్ కాన్ అనే అధికారిని కాపలా పెట్టారు. 1399లో, ఇంకా ఎందుకు ఆలస్యం అన్న అర్థంలో కుయ్ లీ ఆ కాపలాదారుకు ఒక పద్యం పంపాడు. విషం పెట్టారు, చావలేదు. తిండి మాన్పించి కొబ్బరినీళ్ళు మాత్రమే ఇచ్చారు, అప్పుడూ చావలేదు. చివరికి ఇంకొకడు వచ్చి గొంతు బిగించాడు. అప్పటికి ఆ మనిషికి ఇరవై రెండేళ్ళు దాటలేదు.

ఈ వివరాలు చాలావరకు తర్వాతి లే వంశపు ఆస్థానంలో రాసిన చరిత్రలోవి. వాళ్ళకు కుయ్ లీ అంటే గిట్టదు కాబట్టి కాస్త ఉప్పూ కారం ఎక్కువే పడి ఉండొచ్చు. అది తీసేసి చూసినా కథ పెద్దగా మారదు.

చేతనైనవాళ్ళు ఎదిరించలేదా అంటే ఎదిరించారు. 1390లో చంపా రాజు చే బాంగ్ న్గాను యుద్ధంలో మట్టుపెట్టిన ట్రాన్ ఖాత్ చాన్ అంతటి సేనాని, రాజు చనిపోయిన ఏడాదే కుయ్ లీని చంపాలని కుట్ర పన్నాడు. అది చివరి క్షణంలో తప్పిపోయింది. ఆ సేనానితో పాటు 370 మందికి పైగా తలలు తెగాయి. సైన్యం చేతిలో ఉన్నవాడివల్లే కానిది, ఆశ్రమంలో బందీగా ఉన్న కుర్రాడివల్ల ఎందుకు కాలేదని మీ రచయిత చిన్నచూపు చూశారు. ఇక ఆ సమర్థుడి రాజ్యం నిలిచింది ఏడేళ్ళు. ట్రాన్ వంశాన్ని నిలబెడతామన్న సాకుతో 1406లో చైనా మింగ్ వంశపు సేనలు దిగాయి, 1407లో కుయ్ లీని పట్టుకుపోయాయి, ఆపైన ఇరవై ఏళ్ళు అక్కడే తిష్ఠ వేశాయి.

విజయనగరం చివరి దశలో శాసనాలు సదాశివరాయల పేరు మీద వేసినా, నడిపింది అళియ రామరాయలని మన పిల్లలకు కూడా చెబుతాం. ఎవరి పేరు, ఎవరి పెత్తనం అన్నది విడివిడిగా రాస్తాం. ఆ మాత్రం జాగ్రత్త బయటి దేశపు రాజు విషయంలోనూ తీసుకోమనే నా కోరిక.

కాబట్టి వచ్చే ఆదివారం కోట గురించిన ఆ వాక్యాన్ని సవరించండి: ట్రాన్ థువాన్ టోంగ్ కాలంలో, ఆయన మామ హో కుయ్ లీ కట్టించిన కోట అని. ఇప్పుడు మనవాళ్ళు గుంపులుగా వియత్నాం వెళ్తున్నారు. హనోయ్ నుంచి ఈ కోట 150 కిలోమీటర్ల దూరం, పొద్దున్నే బయల్దేరితే చూసి రావచ్చు. ఒక్కోటి పది టన్నులు దాటే రాళ్ళను సున్నం లేకుండా పేర్చిన దక్షిణ ద్వారం ఇంకా నిలిచే ఉంది, 2011లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేరింది. ప్రయాణం ప్లాన్ చేసుకునేవాళ్ళు మీ పేజీని ఫోన్‌లో దాచుకుని వెళ్తారు, అక్కడి గైడ్ చెప్పేదానికంటే మీ పేజీనే నమ్ముతారు.

ఇట్లు,
చరిత్ర బోధించి రిటైరైన ఒక లెక్చరర్,
గుంటూరు