నాచెజ్‌లో దొరకని బెల్లం

ప్రియమైన సత్యానికి,

నీ రెండు ఉత్తరాలకు ఇన్నాళ్లు జవాబు రాయకపోవడం నా తప్పే. తిట్లన్నీ దాచి ఉంచు, ఎదురుపడ్డప్పుడు తింటాను. ఇక్కడ అందరం కులాసా. ఇక అసలు సంగతి.

పోయిన వారం మిసిసిపీ రాష్ట్రంలోని నాచెజ్ వెళ్లాము. ఊళ్లో ఎటు చూసినా 'ఆంటెబెల్లం' భవనాలే. నువ్వుంటే "వీళ్లకు బెల్లం గిట్టదా?" అని అడిగి, మన మాస్టారి కాలంలోలాగే బెంచీ ఎక్కేవాడివి. ఇది విరోధం చెప్పే 'యాంటీ' కాదు; లాటిన్‌లో 'ఆంటె' అంటే ముందు, 'బెల్లమ్' అంటే యుద్ధం. ఏ యుద్ధమో ఆ మాటలో లేకపోయినా, అమెరికాలో అది ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య 1861లో మొదలైన అంతర్యుద్ధమే. ఆ కాలం ముగింపు మీద పేచీ లేదు. మొదలు మాత్రం కొందరు 1815 అంటారు, కొందరు ఇంకా వెనక్కి జరుపుతారు.

అక్కడ లాంగ్‌వుడ్ అనే ఎనిమిది మూలల మేడ ఉంది, నెత్తిన ఉల్లిపాయలాంటి గుమ్మటంతో. హాలర్ నట్ అనే పత్తి భూస్వామి 1860లో మొదలుపెట్టాడు. మరుసటి ఏడు యుద్ధం రాగానే ఉత్తరాదిలోని ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన పనివాళ్లు పనిముట్లు అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టారు. అనుకున్న 32 గదుల్లో అడుగు అంతస్తులోని 9 మాత్రమే పూర్తయ్యాయి, అవీ ఆయన బానిసలూ స్థానికులూ ముగించినవే. పైకి వెళ్లి చూస్తే పూత ఎరగని ఇటుక గోడలూ, తలుపులు లేని గుమ్మాలూ! మీ డాబా మీద ఏళ్లుగా తుప్పు పడుతున్న ఇనుప చువ్వలూ, "వచ్చే ఏడు తప్పకుండా" అనే మీ నాన్నగారి మాటా గుర్తొచ్చి నవ్వాను. నట్ 1864లో పోయాడు. పునాది తవ్వించిన నాడు, తానున్నది 'యుద్ధపూర్వ కాలం' అని ఆయనకెలా తెలుస్తుంది? అది తర్వాతి వాళ్లు పెట్టిన పేరు కదా.

ఆ నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు. అదే ఊళ్లో 'ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్' అనే చోటు ఒకప్పుడు పెద్ద బానిసల సంత. 1808లో విదేశాల నుంచి బానిసలను తేవడం నిషేధించారు గానీ, పత్తి పొలాలు దక్షిణాన విస్తరించిన కొద్దీ వర్జీనియా, మేరీలాండ్ వైపు నుంచి మనుషులను గొలుసులు వేసి నడిపించి తెచ్చి ఇక్కడ అమ్మారు. 1860 నాటికి దేశంలో బానిసలు దాదాపు 40 లక్షలు. ఇప్పుడక్కడ మేడలేమీ లేవు. నేలలోని కాంక్రీటులో బిగించిన సంకెళ్లున్నాయి. మా చిన్నది వాటి మీద కాలు పడకుండా గెంతి దాటింది, నేనేమీ చెప్పకుండానే.

సత్యం, నాకు కోపం ఆ 'ఆంటెబెల్లం' అనే మాట మీద. మేడకు తగిలిస్తే స్తంభాలూ, పూలతోటలూ కళ్లకు కడతాయి. ఈ సంత పక్కన అదే మాట నోట రాదు. 2020లో ఒక పేరున్న సంగీత బృందం తన పేరులోంచి దాన్ని తీసేసి 'లేడీ ఏ' అని మిగిలింది. అలాగని చరిత్ర పుస్తకాల్లోంచి కూడా తీసేస్తే ఆ కాలాన్ని ఏమని పిలవాలో, నల్లజాతివాళ్లు అమెరికా పౌరులు కాలేరని సుప్రీంకోర్టు చెప్పిన 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పును ఎక్కడ పెట్టి చదవాలో... దాని గురించి అసలు విడిగా రాయాలనుకున్నాను గానీ, వీధి చివర బడి బస్సు హారన్ వినిపిస్తోంది. మిగతాది ఆదివారం.

నీ
బెంచీ స్నేహితుడు